ఆయన చెప్పిన లెక్క

ఆదివారం పొద్దున మరిది వచ్చేసరికి ఆమె మిషను ముందు కూర్చుని స్కూలు చొక్కాలకు కాలర్లు కుడుతోంది. అతని చేతిలో నీళ్లు నింపి రబ్బరు బ్యాండు వేసిన ప్లాస్టిక్ సంచి ఉంది. సంచిలో అరచెయ్యంత చేప. వెండిరంగు ఒళ్లు, నిలువునా నల్లటి చారలు, పైకీ కిందికీ పొడుగ్గా సాగిన రెక్కలు.

"ఇదేంటి బాబూ?"

"ఏంజెల్ చేప వదినా. అన్నయ్య కోసం. ఆ అగ్గిపుల్లలంత చేపలు పడుకున్న మనిషికి ఏం కనిపిస్తాయి? ఇదైతే గది ఆ చివర నుంచైనా కనిపిస్తుంది."

అన్నయ్య ముందుగదిలో గోడవారగా మంచం మీద ఉన్నాడు. ఆయన కాళ్ల దిక్కున, పొట్టి బల్ల మీద, రెండడుగుల గాజుతొట్టి. అందులో ఎనిమిది నియాన్ చేపలు. ఒక్కోటి చిటికెన వేలిలో సగం కూడా ఉండదు. ఒంటి మీద నీలంగీత, తోక దగ్గర ఎరుపు. ఎనిమిదీ ఎప్పుడూ కలిసే తిరుగుతాయి. ఒకటి మళ్లితే అన్నీ మళ్లుతాయి, ఒకటి ఆగితే అన్నీ ఆగుతాయి. తొట్టి ఆయన పెట్టుకున్నదే. "మనింట్లో గొడవ పడకుండా కాపురం చేసేవాళ్లు వీళ్లే" అని ఆమెను ఏడిపించేవాడు. ప్రెస్సులో బైండింగు పని నుంచి వచ్చి, చేతికంటిన జిగురు కడుక్కుని, టీ తాగకముందే తొట్టి ముందు వంగి వాటిని ఒకసారి లెక్క చూసుకునేవాడు.

నాలుగు నెలల కిందట ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట పోయింది. మిగిలింది ఒక్కటే, "అదే". ఆకలైనా అదే, దాహమైనా అదే, దిండు జారినా అదే.

మరిది సంచిని తొట్టి నీళ్లలో పావుగంట తేలేసి ఉంచాడు. కొత్త చేపను గభాలున వదలకూడదని నేర్పింది అన్నయ్యే. ఆ తర్వాత రబ్బరు బ్యాండు విప్పి సంచి వంచాడు. చేప రెక్కలు విప్పుకుంటూ తొట్టి మధ్యకు వచ్చి నిలబడింది.

మంచం మీద ఆయన ఎడమచెయ్యి పరుపును కొట్టడం మొదలుపెట్టింది. "అదే. అదే. అదే." మొహం ఎర్రబడింది, మెడనరాలు ఉబ్బాయి.

"చూశారా వదినా, ఎంత సంబరమో. నాలుగు నెలల్లో ఇంత హుషారుగా ఎప్పుడైనా ఉన్నాడా?"

ఆమెకూ సంతోషమే వేసింది. మిషను దగ్గర నుంచి లేచి వచ్చి ఆయన నుదుటి చెమట తుడిచింది. తొట్టిలో చిన్నచేపలు ఎనిమిదీ వెనక మూలకు, మొక్కల చాటుకు వెళ్లిపోయి ముద్దగా నిలబడ్డాయి.

"కొత్త చుట్టం కదా, మొహమాటపడుతున్నాయి" అన్నాడు మరిది.

సోమవారం పొద్దున ఆమె ఎప్పటిలాగే ఆయనకు పని చేసింది. బెడ్‌పాను పెట్టి తీసింది. వేణ్నీళ్లలో గుడ్డ ముంచి ఒళ్లు తుడిచింది. భుజం కింద చెయ్యి వేసి పక్కకు తిప్పి, వీపు ఒరుసుకుపోకుండా పౌడరు చల్లింది. అరవై చొక్కాలు, అరవై నిక్కర్లు శనివారానికల్లా ఇవ్వాలి. మధ్యలో జిప్పు మార్చమని వచ్చేవాళ్లూ, నడుము వదులు చెయ్యమని వచ్చేవాళ్లూ ఉండనే ఉంటారు. ఆమె చేతులు ఆయన దగ్గర ఉంటే మనసు మిషను దగ్గర ఉంటుంది. మిషను దగ్గర కూర్చుంటే మనసు ఇటు పీకుతుంది.

పాలు తాగించి మూతి తుడవబోతుంటే ఆయన ఎడమచేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు. పెదాలు వంకరపోయి, మళ్లీ కూడదీసుకున్నాయి.

"ఏ..."

ఆమె వంగింది.

"ఏ...డు."

ఆమె చేతిలో గుడ్డ అలాగే ఆగిపోయింది. నాలుగు నెలల తర్వాత కొత్త మాట.

"ఏమన్నారు? మళ్లీ అనండి."

"ఏడు" అన్నాడు ఆయన. ఈసారి స్పష్టంగానే వచ్చింది.

ఆస్పత్రిలో ఆయన్ని స్ట్రెచరు మీద తోసుకుపోయిన రోజు నుంచి ఆమె కంట నీటిచుక్క లేదు. ఏడవకూడదని కాదు, తీరిక లేదు. ఒకటి అయ్యేలోపు ఇంకొకటి మీద పడేది. చూసిపోవడానికి వచ్చినవాళ్లు గుండెనిబ్బరమంటే నీదేనమ్మా అని మెచ్చుకుంటుంటే, లోపల ఏదో బండగట్టుకుపోతోందని ఆమెకొక్కదానికే తెలుసు. ఎవరికీ తెలియదనే అనుకుంది. మంచం మీద పడుకుని ఆయన రోజూ చూస్తూనే ఉన్నాడన్నమాట.

"నన్ను ఏడవమంటారా?" అంది.

ఆయన తల అటూ ఇటూ కొట్టుకున్నాడు. "అదే, అదే" అన్నాడు. అవునన్నా కాదన్నా ఆయనకు ఇప్పుడు తల ఒక్కలాగే కదులుతోందని డాక్టరు ముందే చెప్పాడు.

ఆమె వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పింది. గట్టు కింద చతికిలబడి, మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. బకెట్టు నిండి నీళ్లు నేల మీదికి పారినా లేవలేదు. వెక్కిళ్లు ఆగాక మొహం కడుక్కుని నేల తుడిచి వచ్చింది. ఒళ్లు తేలికైపోయింది. ఆ రోజంతా ఆమె పాదం మిషను మీద ఆడుతూనే ఉంది.

సాయంత్రం మరిదికి ఫోను చేసింది. "మీ అన్నయ్య మాట్లాడారు. నన్ను ఏడవమన్నారు."

"అన్నయ్య అంతే కదా వదినా" అన్నాడు అతను. "తనకెంత ఉన్నా ఎదుటివాళ్ల సంగతే చూస్తాడు."

మంగళవారం ఆయన పొద్దున్నుంచీ నిలకడగా లేడు. ఎడమచెయ్యి చాపి గాలిలో ఊపుతున్నాడు. ఆమె దిండు సర్దింది, పాను పెట్టి చూసింది, ఫ్యాను తగ్గించింది, మళ్లీ పెంచింది.

"ఆరు" అన్నాడు ఆయన.

"ఆర్పమంటారా? ఏది, దీపమా?"

"ఆరు. ఆరు." చెయ్యి తొట్టి వైపే చూపిస్తోంది.

తొట్టి మీది దీపం కళ్లలో పడుతోంది కాబోలు అనుకుంది. స్విచ్చి నొక్కి దీపం తీసేసింది. ఆయన ఇంకా గట్టిగా అరిచాడు. ఇంకా వెలుతురు వస్తోందేమోనని పాత తువ్వాలు తెచ్చి తొట్టి ముందువైపు కప్పేసింది. "ఇదిగో, అయిపోయింది. ఇక కళ్లు మూసుకోండి" అని రెప్పల మీద చెయ్యి ఉంచింది. ఆ చేతి కింద ఆయన రెప్పలు కొట్టుకుంటూనే ఉన్నాయి.

బుధవారం పొద్దున్నే తొట్టి మీది తువ్వాలు తీసేసి, గుండీల కాజాల పనికి కూర్చుంది. చొక్కాకు ఏడు కాజాలు, ముందు గుర్తు పెట్టుకోవాలి, తర్వాత మిషను కింద గుడ్డను ఇటొకసారి అటొకసారి నడపాలి, ఆపైన మధ్యలో చీల్చాలి. చూపు పక్కకు పోతే గుడ్డ పాడవుతుంది. ఆమె మిషను కిటికీ దగ్గర ఉంది, మంచం ఆమె వీపు వైపు. మోటారు చప్పుడులో ఆయన గొంతు కలిసిపోయింది. స్టూలు మీది గ్లాసు నేల మీద పడి దొర్లితేనే ఆమె వెనక్కి తిరిగింది. ఆయనే తోసేశాడు. గ్లాసులో నీళ్లు ఆయన చొక్కా మీదా, దుప్పటి మీదా పడ్డాయి.

"ఏం కావాలండీ? చెప్తే కదా నాకు తెలిసేది" అంది. అన్నాక నాలుక కరుచుకుంది. చెప్పలేని మనిషిని పట్టుకుని ఆ మాట అన్నందుకు.

"నా...లు..." ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "నాలుగు."

"నాలుకా? నాలుకకేమైంది?"

టార్చి తెచ్చి చూసింది. నాలుక మీద తెల్లగా పాచి ఉంది. అయ్యో, ఇన్నాళ్లూ చూసుకోనేలేదు అనుకుని మెత్తటి గుడ్డ వేలికి చుట్టి తుడవబోయింది. ఆయన పళ్లు బిగించాడు. గుడ్డ లోపలికి పోనివ్వలేదు. ఆమె బతిమాలింది, కసిరింది, చివరికి గుడ్డ పక్కన పెట్టి వెళ్లి తొట్టిలో చిటికెడు మేత వేసింది. పెద్దచేప ఒక్క ఊపున పైకి వచ్చి మేతంతా తినేసింది. చిన్నవి బయటికి రాలేదు. మొక్కల వెనక నీలంగా ఏదో మెరిసింది. ఉన్నాయిలే అనుకుని, కాజాలు మిగిలిపోయాయని మిషను దగ్గరికి వెళ్లిపోయింది.

సాయంత్రం మరిది ఆపిల్‌పళ్లు తెచ్చాడు. మంచం మీద కూర్చుని, "ఏం అన్నయ్యా, వదినని రాచి రంపాన పెడుతున్నావట" అని నవ్వుతూ వంగాడు. ఆయన అతని చొక్కా పట్టుకుని తన మీదికి లాక్కున్నాడు. జేబు చిరిగింది. చొక్కా వదిలి మెడ పట్టుకున్నాడు. "నాలుగు, నాలుగు" అని అరుస్తూ, మెడ పట్టుకుని తమ్ముడి మొహాన్ని అటు తిప్పాలని చూశాడు. గోళ్లు గుచ్చుకుని మెడ మీద రెండు చోట్ల రక్తం వచ్చింది.

మరిది ఎలాగో విడిపించుకుని లేచాడు.

"చిన్నప్పుడు కూడా నన్ను ఒక్క దెబ్బ వెయ్యలేదు వదినా. ఈయన మా అన్నయ్య కాదు."

"అలా అనకు బాబూ."

"మరేమనను? రేపు మీకేదైనా అయితే? డాక్టరుకు ఫోను చెయ్యండి."

ఆమే చేసింది. అన్నీ చెప్పింది. "మాటలు మాత్రం వస్తున్నాయండీ. ఏడు అన్నారు. దీపం ఆర్పమన్నారు. ఇవాళ నాలుక అన్నారు. నాలుగు అన్నట్టు కూడా వినిపించింది."

"ఈ జబ్బులో అర్థం లేని మాటలు వస్తుంటాయమ్మా. వాటిని పట్టించుకోకండి" అన్నాడు డాక్టరు. "ఒక మాత్ర రాసి పంపుతాను. పూటకొకటి వెయ్యండి. ఆయనకీ విశ్రాంతి, మీకూ విశ్రాంతి."

అర్థం లేని మాట అనేసరికి ఆమె మనసు కలుక్కుమంది. మిగతావి కాకపోవచ్చు గానీ ఆ మొదటి మాటకు అర్థం ఉంది. తనకు తెలుసు. కానీ అది డాక్టరుకు ఏమని చెబుతుంది?

మాత్ర పొడి చేసి పాలలో కలిపింది. గురువారం ఆయన మధ్యాహ్నం దాకా కళ్లు విప్పలేదు. శుక్రవారం విప్పాడు గానీ చెయ్యి లేవలేదు, గొంతు లేవలేదు. పాలు తాగిస్తే తాగాడు, తిప్పితే తిరిగాడు. ఇల్లు నిమ్మళించింది. ఆమె గుండీలన్నీ కుట్టేసింది. ఇస్త్రీ చేస్తూ, హాయిగా ఉందని తనకు అనిపించినందుకు తనమీద తనకే రోత పుట్టింది.

మరిది ఫోనులో అడిగాడు. "ఎలా ఉన్నాడు?"

"ప్రశాంతంగా ఉన్నారు" అంది.

శనివారం పది గంటలకు స్కూలువాళ్ల ఆటో వచ్చి మూటలు తీసుకుపోయింది. గది ఒక్కసారిగా ఖాళీ అయిపోయింది. ఆమె వీపు నిట్టనిలువునా నొప్పి. కుర్చీలో కూర్చోలేకపోయింది. తన చాప పరుచుకోవడానికి కూడా ఓపిక లేక, ఆయన్ని కాస్త గోడవైపు జరిపి, ఆ మంచం అంచునే ఒరిగింది. నాలుగు నెలల్లో ఆయన పక్కన పడుకోవడం అదే మొదలు. ఆయన దిండు మీదే తల పెట్టి, ఆయన చూసే వైపే తిరిగి పడుకుంది.

తొట్టి ఎదురుగా ఉంది. మిషను దగ్గర నుంచి చూస్తే ముందువైపు మొక్కలే కనిపిస్తాయి. ఇక్కడి నుంచి మొక్కల సందులోంచి వెనక మూల, నీటిగొట్టం పక్కన జాగా, అంతా కనిపిస్తోంది. ఆ మూలలో రెండు నియాన్లు ఉన్నాయి. గాజుకు అతుక్కుపోయినట్టు నిలబడి ఉన్నాయి. రంగు వెలిసిపోయి, నీలంగీత బూడిదరంగుకు తిరిగింది.

మిగతావి ఎటు పోయాయా అని వెతుకుతుండగా పెద్దచేప మొక్కల మధ్యలోంచి వచ్చింది. తొందరేమీ లేదు. రెక్కలు ఆడించకుండా కాస్త ముందుకు వంగి ఆగింది. ఇంకాస్త జరిగి మళ్లీ ఆగింది. తర్వాత ఏం జరిగిందో ఆమె కంటికి ఆనలేదు. చేప తల ఒక్కసారి విసురుగా కదిలింది. దాని మూతిలోంచి చిన్న ఎర్రటి తోక బయటికి కనిపిస్తోంది. తోక రెండుసార్లు కొట్టుకుంది. పెద్దచేప గుటక వేసింది. తోక లేదు.

మూలలో ఒక్కటి మిగిలింది.

ఆమె లేచి కూర్చుంది. ఎనిమిది కదా ఉండాలి, అనుకుంది. ఆదివారం ఎనిమిది. సోమవారం ఏడు.

ఏడు.

ఆమె చెయ్యి నోటిమీదికి వెళ్లింది. మంగళవారం ఆరు. తను దీపం ఆర్పేసింది. బుధవారం నాలుగు. తను నోట్లో గుడ్డ పెట్టబోయింది.

వెనక్కి తిరిగి చూసింది. ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. చూపు తొట్టి మీదే ఉంది. కంటికొసల నుంచి కారిన నీళ్లు చెవుల దగ్గర ఎండి చారలు కట్టాయి. కొత్తవి కావు. రెండు రోజులుగా తను నిమ్మళం అనుకున్నది నిమ్మళం కాదు. ఆయన చూస్తూనే ఉన్నాడు. చెప్పడానికి గొంతు మాత్రం లేదు.

ఆమె తొట్టి పక్కనున్న చేపల వల తీసుకుంది. చేతులు మోచేతుల దాకా నీళ్లలో పెట్టి, మొక్కలు వేళ్లతో సహా ఊడి పైకి తేలుతున్నా లెక్కచెయ్యకుండా, పెద్దచేపను మూలకు తరిమి పట్టింది. బకెట్టులో వేసి పైన పళ్లెం మూత పెట్టింది. ఆ తర్వాతే ఫోను తీసింది.

మరిది వచ్చేసరికి నేలంతా నీళ్లు. ఆమె బ్లవుజు తడిసి ముద్దయింది. జరిగింది చెప్పింది. అతను బకెట్టు వైపూ, తొట్టి వైపూ, అన్నయ్య వైపూ చూశాడు.

"నేను మంచికే తెచ్చాను వదినా."

"తెలుసు."

"మిమ్మల్ని ఏడవమన్నాడని అన్నారు కదా. ఆ మాట..."

"చేపల్ని లెక్కపెట్టారు" అంది ఆమె. "నన్ను కాదు."

అంతవరకూ స్థిమితంగానే ఉంది. ఆ మాట బయటికి వచ్చాకే ఆమెకు అర్థమైంది, ఏం పోయిందో. ఈ వారమంతా సూదిలో దారం ఎక్కిస్తూ, దుప్పట్లు పిండుతూ, మనసులో పట్టుకుని తిరిగింది ఆ ఒక్క మాటనే. ఆయన తన కష్టం చూశాడని, తనకు చెప్పాడని. ఆయనేమో అదే సమయంలో సాయం చెయ్యమని అరుస్తున్నాడు. తను వెళ్లి హాయిగా ఏడ్చుకుని వచ్చింది.

మరిది తలుపుకు జారగిలబడి మెడ మీద కట్టిన పొక్కును తడుముకున్నాడు. "నా తల అటు తిప్పుతున్నాడు" అన్నాడు. "చూడమని. కొట్టాడని చెప్పాను నేను."

చేపల షాపుకు ఆమే వెళ్లింది, బకెట్టు పట్టుకుని. షాపావిడ ఏంజెల్‌ను చూసి, "ఇది బానే పెరిగిందే. దేంతో కలిపి పెట్టారు?" అంది. చెబితే నొసలు కొట్టుకుంది. "నోట్లో పట్టేదేదైనా దీనికి మేతేనమ్మా. దాని తప్పు కాదు. మిగిలినవి ఎన్ని?"

"ఒకటి."

"తొందరగా దానికి తోడు వెయ్యండి. గుంపులో బతికే జాతి. ఒక్కటే ఉంటే బెంగతో మేత ముట్టదు. కనీసం ఆరుండాలి."

ఏడు తెచ్చింది. సంచిని తేలేసి, పావుగంట గడియారం చూస్తూ నిలబడి, నెమ్మదిగా వదిలింది. కొత్తవి ఏడూ అటూ ఇటూ చెదిరి, తర్వాత దగ్గరికి వచ్చాయి. పాతది రెండు గంటలు మూలలోనే ఉంది. సాయంత్రానికి వాటి వెనకాల చేరింది. దాని రంగు మాత్రం తేరుకోలేదు.

మాత్ర ఆ పూట నుంచే ఆపేసింది. సోమవారం డాక్టరు దగ్గరికి వెళ్లింది. డాక్టరు విని కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"కొందరికి మాటలన్నీ పోయినా అంకెలు మిగులుతాయి. రోజూ లెక్కపెట్టే అలవాటున్నవాళ్లకు మరీ. ముందే చెప్పి ఉంటే బాగుండేదమ్మా."

"చెప్పాను డాక్టరుగారూ" అంది ఆమె.

డాక్టరు కాగితం మీద ఏదో రాయబోయి ఆపాడు. మాత్ర మత్తు రెండు మూడు రోజుల్లో దిగిపోతుందన్నాడు. మాట సంగతి చూడాలన్నాడు.

మత్తు దిగింది. ఎడమచెయ్యి కదులుతోంది, గ్లాసు పట్టుకుంటున్నాడు, చూపు తేటపడింది. ఆమె మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది.

"ఎన్ని ఉన్నాయి? చూసి చెప్పండి."

ఆయన తొట్టి వైపు చూడలేదు. ఆమెను చూశాడు. కోపం లేదు ఆ చూపులో. కోపం ఉంటే బాగుండునని ఆమెకు అనిపించింది. ఎదురుగా ఉన్న మనిషికి తన భాష రాదని తెలిసిపోయాక, మర్యాద కోసం చూస్తున్నట్టుగా ఉంది.

"ఒకటి" అంది ఆమె, అందిస్తూ. "రెండు. మూడు. ఊఁ, తర్వాత?"

పెదాలు కదలలేదు. "అదే" కూడా అనలేదు. ఆమె పది దాకా తనే లెక్కపెట్టింది, మళ్లీ మొదటి నుంచి పెట్టింది. ఆయన కాసేపు విని మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

గురువారం మరిది వచ్చాడు. చెప్పులు చప్పుడు కాకుండా విడిచి, మంచం పక్కన నేల మీద కూర్చుని, అన్నయ్య ఎడమచెయ్యి తన చేతుల్లోకి తీసుకున్నాడు. ఆయన తీసుకోనిచ్చాడు.

"అన్నయ్య ఏమైనా అంటున్నాడా?"

"లేదు."

"పోనీలెండి, ప్రశాంతంగా అయితే ఉన్నాడు."

"ప్రశాంతం కాదు బాబూ" అంది ఆమె. "మానేశారు."

అతను తల దించుకున్నాడు. తొట్టిలో గొట్టం నీళ్లు బుడబుడమంటున్నాయి. కాసేపటికి ఆమె లేచి మిషను మీది గుడ్డముక్కలు దులిపింది.

"ఒక చెయ్యి వెయ్యి" అంది.

ఇద్దరూ చెరోపక్క పట్టుకుని మిషనును కిటికీ దగ్గర నుంచి లేపారు. ఇనుపకాళ్ల బరువుకు మరిది మెడనరాలు తేలాయి. గది మధ్యలోంచి తెచ్చి, మంచం తలాపు దగ్గర, ఆయన ఇటు తిరిగితే మొహానికి ఎదురుగా ఉండేలా దించారు. అక్కడ వెలుతురు చాలదని మరిది అన్నాడు. దారం ఎక్కించడానికి కళ్లు పోతాయన్నాడు. ఆమె మోటారు తీగ ఇటు లాక్కుంది.

అతను వెళ్లాక స్టూలు లాక్కుని కూర్చుంది. జిప్పు మార్చాల్సిన లంగా ఒకటి మిషను పాదం కింద సర్దింది. సూది దించింది. ఆయన గోడవైపే తిరిగి ఉన్నాడు, ఊపిరికి భుజం లేచి పడుతోంది. ఆమె చక్రం మీద చెయ్యి ఉంచి, తిప్పకుండా, ఆయన వైపు చెవిపెట్టి అలాగే కూర్చుంది.